నాడి పట్టని వైద్యం

లాబ్రడార్ కుక్క అన్నం మానేసిందంటే అది మామూలు విషయం కాదు. ఈ జాతిలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలిని అదుపులో పెట్టే జన్యువులో లోపం ఉంటుందని కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో తేల్చారు. ఎంత తిన్నా వాటికి ఇంకా తినాలనే ఉంటుంది. విజయవాడలో బ్యాంకు నుంచి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లోని సీజర్‌ని చూసి ఉంటే ఆ పరిశోధన సగం ఖర్చుతో తేలిపోయేది. ఇడ్లీలు, మామిడి టెంకలు, ఖాళీ పాలప్యాకెట్లు, ఒకసారి ఎల్ఐసీ బాండు, వాడికి అన్నీ ఒకటే. (‘వాడు’ అనాలి. ‘అది’ అన్నవాళ్లకి ఆ ఇంటి అమ్మగారు కాఫీ ఇవ్వరు.)

అలాంటివాడు పెరుగన్నం చూసి మొహం తిప్పుకున్నాడు. చూపు నేలమీదే. పిలిస్తే తోక కొస ఒకసారి కదిలింది, మర్యాద కోసం అన్నట్టు.

దగ్గర్లోనే కొత్తగా వెలిసిన పెట్ క్లినిక్‌కి తీసుకెళ్లారు. ఏసీ హాలు, గాజు అలమరలో కుక్కల రెయిన్‌కోట్లు, పెళ్లిళ్లకి వేసే షేర్వానీ కూడా. కౌంటర్లో అమ్మాయి “పేషెంట్ పేరు?” అంది. చెప్పారు. “ఇంటిపేరు?” అంది. పెద్దాయన ఒక్క క్షణం తటపటాయించి తన ఇంటిపేరే రాయించారు. నాలుగు తరాల వంశవృక్షంలో సీజర్ అలా ఎక్కాడు.

డాక్టరు గారు లోపల బల్లకి అవతల కూర్చుని ఉన్నారు. చివరిదాకా అవతలే ఉన్నారు.

“కరుస్తాడా?”

“ఇంతవరకూ లేదండీ.”

“ఇంతవరకూ అంటే?” అంటూ ఆయన కుర్చీ ఒక జానెడు వెనక్కి జరిగింది.

థర్మామీటరు పెట్టే పని కాంపౌండరు కుర్రాడి మీద పడింది. 102 అనగానే పెద్దాయన గుండెలో రాయి పడింది. కుక్కలకి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుందని డాక్టరు ధైర్యం చెప్పారు. అది నిజమే. ఆ పూట ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

“ఇంట్లో ఈమధ్య ఎవరైనా ఊరెళ్లారా?”

“మా అమ్మాయి డాలస్‌లో ఉందండీ. వెళ్లి మూడేళ్లయింది.”

“అదీ సంగతి! డిప్రెషన్. బాగా ముదిరింది.”

లివర్ టానిక్కు, షాంపూ, పన్నెండు కిలోల విదేశీ ఆహారం బస్తా రాశారు. అన్నమే ముట్టనివాడికి పన్నెండు కిలోలు ఎందుకో అడిగే ధైర్యం పెద్దాయనకి లేకపోయింది. “ఇంటికెళ్లాక కుక్క ఎలా ఉందో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టండి, చూస్తాను” అన్నారు డాక్టరు. కుక్క ఎదురుగానే ఉంది.

పశువైద్యుల కష్టం తక్కువదేమీ కాదు. అయిదున్నరేళ్ల చదువు, అందులో గేదె, గొర్రె, కోడి, కుక్క అన్నీ ఉంటాయి. ఏ రోగీ ఎక్కడ నొప్పో చెప్పడు, పైగా కరుస్తాడు, తంతాడు. భయపడటంలో తప్పేం లేదు. కానీ నోరులేని జీవాన్ని తడిమి చూడకపోతే రోగం తెలిసే దారేది? పల్లెల్లో పశువుల డాక్టరు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి గేదె చూడో కాదో తేలుస్తాడు. ఇక్కడ చెవి మడత తిప్పి చూసే నాథుడు లేడు.

ఆ వారంలోనే సీజర్ ముక్కులోంచి రక్తం వచ్చింది. ఈసారి ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి ఆటోలో పరుగెత్తారు. అక్కడ ఏసీ లేదు, ఇంటిపేరు అడిగినవాళ్లూ లేరు. ముందు ఒక మేక, వెనక ఒక దూడ. నడివయసు డాక్టరమ్మ వస్తూనే వాడి పెదవి పైకెత్తి పాలిపోయిన చిగుళ్లమీద ఎర్రటి చుక్కలు చూసింది, దవడ కింద గడ్డలు నొక్కి చూసింది, తర్వాత చెవి తిప్పింది. లోపల ఆముదపు గింజల్లా ఉబ్బి, వరసగా అతుక్కుని పిడుదులు.

“ఇవి ఎన్నాళ్లనుంచి ఉన్నాయి బాబాయిగారూ?”

పెద్దాయన దగ్గర జవాబు లేదు.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 40,000. రెండు లక్షలైనా ఉండాల్సినవి. పిడుదు కాటుతో ఒంట్లోకి చేరే ఎర్లీకియా అనే సూక్ష్మజీవి పని అది. దాన్ని 1935లో అల్జీరియాలో కుక్కల్లో గుర్తించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు వందల్లో ఈ జబ్బుకే పోయాయి. తుపాకులకి దొరకనివి పిడుదుకి దొరికాయన్నమాట. మందు మాత్రం మందుల షాపుల్లో దొరికే డాక్సీసైక్లిన్. నాలుగు వారాలు వాడమంది.

“కుక్కకి మందిస్తే చాలదండీ, ఇంటికీ ఇవ్వాలి” అని కూడా చెప్పింది డాక్టరమ్మ. ఒక్కో ఆడ పిడుదు నాలుగు వేల దాకా గుడ్లు పెడుతుంది, గోడ పగుళ్లలో, సోఫా కుట్లలో నెలల తరబడి ఆకలికి ఓర్చుకుని దాక్కుంటుంది. అమ్మగారు ఆ సాయంత్రమే సోఫాని వీధరుగు మీదికి తోయించి, దాని మీద కూర్చునే అలవాటున్న పెద్దాయనకి ప్లాస్టిక్ కుర్చీ కేటాయించారు.

సీజర్ కాస్త కోలుకున్నాక పెద్దాయన ఉండబట్టలేక పాత క్లినిక్‌కి ఫోన్ చేశారు. చెవినిండా పిడుదులేనండీ, జబ్బు వాటివల్లేనట, అన్నారు.

అవతల కాసేపు మౌనం. ఫోన్‌లో ఏదో వెతుకుతున్న చప్పుడు.

“లేదే,” అన్నారు డాక్టరు గారు, “మీరు పంపిన వీడియోలో కనబడలేదండీ.”