లటాకియాకి దోస్తోయెవ్‌స్కీ, బర్లీకి బుచ్చిబాబు

నాకూ వచ్చింది ఆ ఫొటో. మీకూ వచ్చే ఉంటుంది. టేకు బల్ల, పసుపురంగు దీపం, దాని కింద నోరు తెరుచుకుని పడుకున్న పైపు, పక్కన పొగాకు డబ్బా, ఆ పక్కన బోర్లించిన పుస్తకం. కింద ఒకటే ముక్క: ‘ప్రస్తుతం చదువుతున్నది’. సంక్రాంతికి వచ్చిన ఫొటోలో ఉన్న పుస్తకమే ఉగాదికీ ఉంది, శ్రీరామనవమికీ ఉంది. ఈలోగా పొగాకు డబ్బాలు మాత్రం మూడు మారాయి. ‘ప్రస్తుతం’ అనే మాటకి ఇంత ఆయుష్షుందని నాకిన్నాళ్లూ తెలీదు.

మా వీధిలో పైపంటే ఇప్పటికీ రోజు విడిచి రోజు నీళ్లొచ్చేదే. ఇంటి అప్పు తీరి, పిల్లలు అమెరికా చేరి, మోకాళ్లు మొరాయించడం మొదలెట్టిన మా వయసు వాళ్లకి మాత్రం ఉన్నట్టుండి ఈ రెండో రకం పైపు కావలసివచ్చింది. సిగరెట్ తాగేవాడికి దగ్గొస్తుంది. పైపు తాగేవాడికి అభిప్రాయాలొస్తాయి. ఆ అభిప్రాయాలకి ఆధారం ఉండాలి కాబట్టి ఫొటోలోకి పుస్తకం వచ్చింది. ఒక ఫొటోలో ఆ పుస్తకం మీద ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడదీయలేదు, దీపం దాని మీద తళతళలాడుతోంది. ఆయన దాన్ని ప్రస్తుతం చదువుతున్నాడు. దివ్యదృష్టి కాబోలు.

నా అసలు అనుమానం చేతుల దగ్గర. పైపు నింపడమే ఒక క్రతువు. మొదటి చిటికెడు పసిపిల్లాడి చేత్తో, రెండోది ఆడమనిషి చేత్తో, మూడోది మగాడి చేత్తో అదమాలని వీళ్ల శాస్త్రం. తర్వాత వెలిగించాలి. అది ఉత్తుత్తి వెలిగింపే. ఆకు ఉబ్బి పైకి లేస్తుంది. దాన్ని అణిచి మళ్లీ వెలిగించాలి. రెండు నిమిషాలు ఏమరితే ఆరిపోతుంది. మళ్లీ అణచుడు, మళ్లీ అగ్గిపుల్ల. గొట్టంలో తడి చేరి గురగురమంటే బొచ్చుపుల్ల దూర్చి తుడవాలి. పుస్తకానికి రెండు చేతులు కావాలి, పైపుకి రెండున్నర. పేజీ ఎవరు తిప్పుతున్నట్టు? ఇంట్లో ఆవిడా?

బ్రిటన్‌లో 1965లో ‘ఈ ఏటి పైపు వీరుడు’ లాంటి బిరుదొకటి సాక్షాత్తూ ప్రధానమంత్రి హెరాల్డ్ విల్సన్‌కి ఇచ్చారు. ఆయన కెమెరా ముందు పైపు, తలుపు వేసుకున్నాక సిగారు అని చెప్పుకుంటారు. అంటే ఈ జబ్బు మనతో మొదలైంది కాదు. మన దగ్గర కూడా నోట్లో చుట్ట పెట్టుకుని పుస్తకాల జాబితా రాయించిన గిరీశం ఉన్నాడు. కాకపోతే ఆ జాబితా డబ్బు కోసమని ఆయనకి తెలుసు, మనకీ తెలుసు.

ఇవన్నీ భరించాను. భరించలేకపోయింది జోడీలు కుదర్చడం. ఏ పుస్తకానికి ఏ పొగాకు నప్పుతుందో చెప్పే పంచాంగం ఒకటి బయల్దేరింది చూశారూ, దాని దగ్గర నా ఓర్పు అయిపోయింది. రష్యన్ నవలకి లటాకియా అట. మంచు, అపరాధభావం, పొగ, మూడూ ఒకే గోత్రమట. డిటెక్టివ్ కథలకి వర్జీనియా. కవిత్వానికి చెర్రీ వాసన పట్టించిన కావెండిష్. తాత్విక గ్రంథాలకి పెరీక్, అదీ తలనొప్పి రాకుండా చిటికెడే. తత్వశాస్త్రానికి తలనొప్పి విడిగా పొగాకుతో తెచ్చుకోవాలా?

ఆ ఫొటోలు పంపే మిత్రుడొకడు లటాకియా వాసన ఒకసారి చూపించాడు. సిరియాలో ఒక రేవు పేరది, ఇప్పుడొచ్చేది చాలావరకు సైప్రస్ నుంచి. ఆకుని కట్టెల పొగలో ఆరబెడతారు. డబ్బా మూత తీసి ‘ఏమనిపిస్తోంది మాస్టారూ?’ అని కళ్లు మూసుకుని అడిగాడు మిత్రుడు. నాకేమనిపించాలి? తడికట్టెలు రాజుకోక గొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడిన మా అమ్మమ్మ కనిపించింది. ఆవిడ నలభయ్యేళ్లు ఆ పొగలోనే బతికింది. దోస్తోయెవ్‌స్కీ ఎవరో ఆవిడకి తెలీదు.

సరే, జోడీలు మన సాహిత్యానికీ కుదర్చండి అన్నాను. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’కి ఏ పొగాకు? పేరులోనే సారా ఉంది కాబట్టి పొగాకు అక్కర్లేదా? భారతం పద్దెనిమిది పర్వాలకీ ఎన్ని డబ్బాలు పడతాయి? స్త్రీపర్వం దగ్గర పైపు ఆర్పాలా, అలాగే పీలుస్తూ ఏడవచ్చా? మిత్రుడు నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, ‘బుచ్చిబాబుకి మాత్రం బర్లీ అండీ’ అన్నాడు. ఆ ప్రయోగం నా ప్రతి మీదే జరిగింది. నా ‘చివరకు మిగిలేది’ పట్టుకెళ్లి ఏడు నెలల తర్వాత తిరిగిచ్చాడు. 37వ పేజీలో గుర్తుగా బొచ్చుపుల్ల, 38వ పేజీలో కందిగింజంత కాలిన చిల్లు, ఆ తర్వాత పేజీలన్నీ కన్నెపిల్లల్లా చెక్కుచెదరలేదు. చివరకు మిగిలింది బూడిదేనని తెలుసుకోడానికి నవల అక్కర్లేదు.

బర్లీకి కాల్చిన బాదం పరిమళం ఉంటుందని కూడా చెప్పాడు. అక్కడే నా నవ్వు ఆగిపోయింది.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్లున్న ఊరు. పొగాకు పరిమళం సంగతి మాకు చెప్పకండి. ఆకు రెలిచిన చేతికి జిగురు పట్టి నల్లబడుతుంది, సబ్బుకి లొంగదు, ఆ చేత్తో కలిపిన అన్నం చేదెక్కుతుంది. కర్రలకి ఆకు అల్లే ఆడవాళ్ల పక్కన కూచుని బడి పాఠం చదువుకున్నవాణ్ణి. బ్యారన్ మండుతున్నన్ని రాత్రులూ వేడి తగ్గకుండా, పెరగకుండా కాపలా కాయాలి. అది ఎక్కడికి పోతుందో, ఏ డబ్బాలో ఏ పేరుతో తేలుతుందో కాసేవాడికి తెలీదు. తెలిసేదల్లా వేలం కేంద్రంలో తన బేలు మీద ‘నోబిడ్’ అని రాసినప్పుడే. 2015లో మా జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో నల్లబర్లీ వేసిన రైతు గడప తొక్కడానికి కంపెనీలు ముందుకు రాకపోతే, చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సివచ్చింది. ఆ బర్లీ వేరు, డబ్బాలో బర్లీ వేరు అంటాడు మిత్రుడు. నిజమే, వేరే. డబ్బాలోదానికి బాదం వాసన, కొష్టంలో మగ్గినదానికి అప్పు వాసన.

నిజామాబాద్ వైపు, జగిత్యాల వైపు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. వెయ్యి బీడీల లెక్కన కూలి. ‘మీరు ప్రస్తుతం ఏం చదువుతున్నారు?’ అని వాళ్లనెవరూ అడగరు. వాళ్ల మొగుళ్లు అదే బీడీ బస్టాండులో తాగితే మనం ముక్కు మూసుకుంటాం. అదే ఆకు. చెక్కగిన్నెలో పడితే సంస్కృతి, తునికాకులో పడితే అలగాతనం. పొగాకులో వర్ణవ్యవస్థ పెట్టి, దాని పక్కన ఒక పుస్తకాన్ని జంధ్యంలా వేలాడదీస్తున్నారు. నాకు మండేది అందుకు. పొగ మీద కాదు కోపం. మీ ఊపిరితిత్తులు మీవి. పుస్తకాన్ని అద్దెకి తెచ్చిన పెళ్లికొడుకు సూటులా వాడుకోవడం మీద.

‘మేం పొగ మింగం, నోట్లోనే తిప్పి వదిలేస్తాం’ అనే సమర్థన కూడా విన్నాను. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ముసలమ్మలు కూడా నిప్పు నోట్లోనే ఉంచుకుంటారు. వాళ్ల అంగిళ్లు ఏమయ్యాయో విశాఖ డాక్టర్లనడగండి.

చివరిగా ఒక్క పరీక్ష పెట్టాను. ఈమధ్య ఫొటోలో మిత్రుడి పైపు కింద షెర్లాక్ హోమ్స్ ఉన్నాడు, ‘ది సైన్ ఆఫ్ ఫోర్’, 1890 నాటి నవల. వంపు తిరిగిన పెద్ద పైపు కూడా కొన్నాడు, హోమ్స్‌ది అలాంటిదేనని. ఆ వంపు పైపు కథల్లోది కాదు, నాటకం వేసిన గిల్లెట్ అనే నటుడు అంటించింది. పోనీ. ఆ నవలలో మన గోదావరి ఉంది. నూట నలభై రకాల పొగాకు బూడిదల మీద తాను రాసిన పుస్తకం గురించి గొప్పలు పోతూ, హంతకుడు లంక చుట్ట తాగేవాడైతే వెతకాల్సిన మనుషులు తగ్గిపోతారంటాడు హోమ్స్. మన లంకల్లో, ఇసుక మేటల్లో పండిన ఆకు. మన మునసబులూ, బళ్లవాళ్లూ, పాలేళ్లూ పంచుకుని కాల్చిన చుట్ట. లండన్‌లో కూచున్న ఆ మహానుభావుడికి దాని బూడిద తెలుసు.

ఫోను చేశాను. ‘ఏమండీ, హోమ్స్ చేత లంక చుట్ట మాట చెప్పించాడు కదా రచయిత, ఎలా అనిపించింది?’ అన్నాను. అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు. ఆరింది. మళ్లీ గీసిన చప్పుడు.

‘అక్కడిదాకా ఇంకా రాలేదు మాస్టారూ. ప్రస్తుతం చదువుతున్నా’ అన్నాడు.

అది మొదటి అధ్యాయంలోనే ఉంది.