ముందు చెవులు తెరవండ్రా!

మా రోజుల్లో సెకను పొడవు ఏడున్నర అంగుళాలు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పావు అంగుళం వెడల్పున్న టేపు సెకనుకి ఏడున్నర అంగుళాల చొప్పున మిషను మీద నడిచేది. 1,200 అడుగుల స్పూలు ఎక్కిస్తే 32 నిమిషాలకి సరి. వక్తగారు మాట మధ్యలో దగ్గారనుకోండి. స్పూళ్ళని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఆ దగ్గెక్కడుందో చెవితో పట్టుకోవాలి. టేపు వీపు మీద పసుపు పెన్సిలుతో గుర్తు పెట్టాలి. గాడి చెక్కలో పడుకోబెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలూ చేర్చి అతికించాలి. దగ్గు ముక్క కాళ్ళ దగ్గర పడేది. ఒకోసారి దగ్గుతో పాటు మాట తోక కూడా తెగిపోయేది. అప్పుడు నేల మీద వెతుక్కోవాల్సిందే. కంట్రోల్ జెడ్ అనే దేవుడు మాకింకా ప్రత్యక్షం కాలేదు.

ఆ కాలంవాణ్ణి పట్టుకొచ్చి, ఒక హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఆడియో, వీడియో తయారీ నేర్పమన్నారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని టీవీ సీరియళ్ళ సౌండుని తిట్టుకోవడం కంటే నయమని ఒప్పుకున్నాను. ఇప్పుడు రెండూ చేస్తున్నాను.

మొదటి క్లాసులో అందరినీ కళ్ళు మూసుకుని ఏం వినిపిస్తోందో చెప్పమన్నాను. "ఏం లేద్సార్" అన్నారు ముక్తకంఠంతో. నెత్తిమీద ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. పక్కగదిలో ఏడో తరగతి పద్యం వల్లె వేస్తోంది. వరండాలో మధ్యాహ్నభోజనం పళ్ళేలు కడుగుతున్నారు. రోడ్డవతల ఎవరో బోరు వేయిస్తున్నారు. ఇంత గోల మధ్య కూర్చుని ఏం లేదంటారు! వాళ్ళననీ లాభం లేదులెండి. అక్కర్లేని చప్పుడుని పక్కకి నెట్టే విద్య మనిషికి ఎవరూ నేర్పకుండానే వస్తుంది. మైకుకి రాదు. దానికి ఫ్యానైనా పద్యమైనా ఒకటే. రికార్డింగు నేర్వడమంటే ముందు మైకు విన్నట్టు వినడం నేర్వడం. మేం ఈ పనిలో చేరినప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టి కూర్చోబెట్టేవారు. మీట ముట్టుకోనిచ్చింది తర్వాతెప్పుడో.

వీళ్ళ మొదటి ప్రశ్న, "సార్, ఏ యాప్?" రెండోది, "బీజీఎం ఎక్కడ దొరుకుతుంది?" కూర ఇంకా పొయ్యెక్కలేదు, పోపు ఘాటు మాత్రం వీధి చివరిదాకా. ఊళ్ళో కుండలు చేసే ఆయన మీద వీడియో తీసుకురమ్మంటే, ఆయన మాట వినపడకుండా వయొలిన్లు పెట్టుకొచ్చారు. సారె తిరిగే చప్పుడేదీ? తడిమట్టి మీద అరచేయి జారే చప్పుడేదీ? అడిగితే, "అది బాలేద్సార్, మ్యూట్ చేశాం" అన్నారు. ఆయన్ని మ్యూట్ చేసి ఆయన మీద డాక్యుమెంటరీ అట!

అసలు మాట ఎందుకు వినపడలేదంటే, ఫోను పట్టుకుని ఎనిమిదడుగుల దూరాన నిలబడ్డారు. మైకుకీ నోటికీ దూరం రెట్టింపైతే మాట బలం సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. గది మోత మాత్రం తగ్గదు. అందుకే దూరం నుంచి తీసిన మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది. దాన్ని ఏ యాపూ పూర్తిగా పైకి లాగలేదు. నాలుగడుగులు ముందుకెళ్ళడం ఉచితం. కానీ ఉచితమైనది ఎవడికి కావాలి? ఖరీదైన మైకు కావాలి.

మరొకటుంది. రికార్డింగు అయ్యాక ఆ చోట ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఉత్త నిశ్శబ్దాన్ని పట్టుకోవాలి. ప్రతి గదికీ తనదైన హోరుంటుంది. ఎడిటింగులో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తే ఆ హోరుతోనే పూడ్చాలి, లేకపోతే అతుకు తెలిసిపోతుంది. టేపు కాలంలోనూ అంతే, ఇప్పుడూ అంతే. కానీ పదో తరగతి పిల్లలు అర నిమిషం నోరు మూసుకోవాలంటే ఎవరి తరం? పదో సెకనుకి ఒకడు కిసుక్కుమంటాడు. పన్నెండో సెకనుకి క్లాసంతా.

మాకు క్రమశిక్షణ ఎక్కువుండి కాదు, టేపు తక్కువుండి ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాం. జర్మనీవాళ్ళ ఊహర్ టేప్‌రికార్డరు భుజాన వేసుకుని పల్లెకి వెళ్తే, లోపల ఐదు లావుపాటి టార్చిలైటు బ్యాటరీలు, ఐదంగుళాల స్పూలు. మంచి స్పీడులో నడిపితే 16 నిమిషాలు. అందుకని ముందు రైతు పక్కన గట్టు మీద కూర్చుని, మీట నొక్కకుండా అరగంట కబుర్లు చెప్పేవాళ్ళం. ఆయనలో ఏ కథ ఉందో, ఏ ప్రశ్న వేస్తే గొంతు మారుతుందో తెలిశాకే రికార్డింగు. ఇవాళ పిల్లలు బస్సు దిగగానే మీట నొక్కుతారు, మళ్ళీ బస్సెక్కాక ఆపుతారు. రెండు నిమిషాల వీడియోకి రెండు గంటల ఫుటేజి. అందులో ఏముందో తీసినవాడికే తెలీదు. "ఎడిటింగ్‌లో చూస్కుందాం సార్" అన్నమాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎడిటింగులో చూసుకునేది కోత. ఏం కావాలో తేల్చుకోవాల్సింది అంతకు ముందు.

వీడియో మాత్రం సుఖంగా వచ్చిందా? యూమాటిక్ క్యాసెట్లు, ముప్పావు అంగుళం టేపు. ఒక మిషన్లోంచి ఇంకో మిషన్లోకి షాటు తర్వాత షాటు ఎక్కించుకుంటూ పోవాలి. ఇరవై నిమిషాలు కూర్చాక మూడో నిమిషంలో ఒక షాటు ఇరికించాలంటే, అక్కణ్ణుంచి చివరిదాకా మళ్ళీ కూర్చాలి, లేదా కాపీకి కాపీ తీయాలి. కాపీ తీసిన ప్రతిసారీ బొమ్మ మసకేసేది. అందుకే షాటు వరస కాగితం మీద రాసుకోనిదే ఎవడూ ఎడిటింగు గదిలో అడుగు పెట్టేవాడు కాదు. ఇప్పుడు నేను కాగితం తెమ్మంటే, నా వంక తాళపత్రాలు అడిగినట్టు చూస్తారు.

వాళ్ళ ఫోన్లు మాత్రం నిజంగా గొప్పవి. ఎంత గొప్పవంటే, ఏమీ తెలియకపోయినా ఏదో ఒక బొమ్మ వచ్చేస్తుంది. అదే గొడవ. మొన్న క్లాసులో తీసిన వీడియోలో ట్యూబులైటు వెలుగు నల్లచారలుగా పాకుతోంది. ఫోను పాడైందన్నారు. పాడవలేదు నాయనా! మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, దానితో ట్యూబులైటు 100 సార్లు మినుకుతుంది. మీ ఫోను 30 ఫ్రేముల లెక్కలో ఉంది. ఫ్రేములు 25 చేసి, షట్టరు యాభయ్యో వంతుకి పెట్టు, చారలు పోతాయి. మన టీవీ 25 ఫ్రేములు ఎందుకు పెట్టుకుందో ఇప్పటికైనా తెలిసిందా? ఇది చెప్పినప్పుడు మాత్రం వెనక బెంచీవాళ్ళు కూడా ముందుకి వచ్చి చూశారు. భౌతికశాస్త్రం పాఠంలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ లేరని వాళ్ళ సైన్సు టీచరమ్మ వాపోయింది.

ఆ క్లాసులోనే ఒక గడుగ్గాయి అడిగింది. "సార్, మీ రోజుల్లో మా వయసు పిల్లలకి ఆ మిషన్లు ముట్టుకోనిచ్చేవారా?" ఇవ్వలేదమ్మా. అదీ చెప్పాలి కదా. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు నడిపిన కార్యక్రమాల్లో పిల్లలు మైకు ముందు పాడారు, నాటికలేశారు. ఎంతోమంది అక్కడే నోరు విప్పారు. కానీ స్టూడియో అద్దం ఇవతల, మీటల దగ్గర పిల్లలకేం పని? 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహంతో నడిపిన సైట్ ప్రయోగంలో, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. పొద్దున పూట బడిపిల్లల పాఠాలు, తెలుగులోనూ. పిల్లలు కూర్చుని చూశారు. తీసింది పెద్దలు. ఇప్పుడు సీబీఎస్ఈలో 11, 12 తరగతులకి మాస్ మీడియా స్టడీస్ అని ఏకంగా ఒక సబ్జెక్టే ఉంది. చూసే పిల్లలు తీసే పిల్లలయ్యారు. దీన్ని కాదంటే నా అంత మూర్ఖుడు ఉండడు.

మా పొదుపు కూడా అన్నివేళలా పుణ్యం కట్టుకోలేదు. టేపు ఖరీదని పాతదాని మీద కొత్తది ఎక్కించిన రోజులవి. అలా ఎన్ని గొంతులు చెరిగిపోయాయో లెక్కలేదు. కాబట్టి టేపు మళ్ళీ రావాలని నేననడం లేదు. టేపు పెట్టిన హద్దు మాత్రం రావాలి. ఎవరూ పెట్టకపోతే నేనే పెడతాను. నా క్లాసులో ఒక కథకి పదహారు నిమిషాల ఫుటేజి, అంతే. మీట నొక్కేముందు ఏం చెప్పదలిచారో ఒక్క వాక్యం రాసి చూపించాలి. మొదటి పని బొమ్మ లేకుండా ఉత్త శబ్దంతో ఒక నిమిషం కథ. బీజీఎం అడిగితే క్లాసు బయట నిలబెడతాను. తిట్టుకుంటూనే చేశారు. ఇసుక పళ్ళెంలో అడుగులు, కొబ్బరిచిప్పలతో గుర్రం డెక్కలు, రేకు ఊపి ఉరుము. ఒకడైతే వాళ్ళ నాయనమ్మ రోలు చప్పుడు తెచ్చి, కళ్ళు మూసుకున్న క్లాసంతటికీ పచ్చడి వాసన చూపించాడు. బాగుందని నేను పైకి అనలేదు. అంటే నెత్తికెక్కుతారు.

ఇక బడివాళ్ళ సంగతి. కెమెరాకి వేలు పోశారు, కిటికీలకి కర్టెన్లు అడిగితే బడ్జెట్ లేదన్నారు. నాలుగు పాత దుప్పట్లు కడితే గది మోత సగం చస్తుంది బాబూ అంటే, చూడ్డానికి బాగోదట. వారానికి ఒక్క పీరియడు, నలభై నిమిషాలు. అందులో కంప్యూటరు లేచి, అప్‌డేట్లు ముగించుకుని, పాస్‌వర్డు ఎవరికో గుర్తొచ్చేసరికి గంట కొడతారు. పరీక్షలొస్తే ఆ పీరియడూ లెక్కలకి పోతుంది.

ఇప్పుడు కొత్తగా, ఈ ఏడాది వార్షికోత్సవానికి డ్రోన్ షాట్ కావాలట. పోయినేడు స్పీకరు ముందే మైకు నిలబెట్టి, ముఖ్య అతిథి ప్రసంగం మొత్తాన్ని కూతలతో నింపేశారు. డ్రోన్ తర్వాత ఎగరేద్దురుగానీ, ముందు ఆ స్పీకర్లని మైకుకి ముందుగా జరిపి, జనం వైపు తిప్పించండి. కావాలంటే మా తొమ్మిదో తరగతి పిల్లల్ని పంపిస్తాను.