ఏడు జీబీల కర్ణుడు

వర్చువల్ మెషిన్లకు ర్యామ్ పంచిపెట్టే ఉద్యోగికి ఆఫీసులో స్థిరమైన పేరు లేదు. కొందరు ‘వీఎంవేర్ టీమ్’ అంటారు, కొందరు ‘వింటెల్ టీమ్’ అంటారు, ఏదీ గుర్తు రాకపోతే ‘ఇన్‌ఫ్రా వాళ్లు’ అంటారు. ఆ టీములో ఉన్నది ఒక్కడే అయినా బహువచనం తప్పదు. సర్వర్ పడిపోయిన రాత్రి మాత్రం అది ఏకవచనానికి దిగుతుంది.

ఈ జాతి ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో, రాత్రి షిఫ్టు వేళల్లో కనిపిస్తుంది. మొలకెత్తేది అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల గదుల్లో. వంశవృక్షం తవ్వితే 1998 దగ్గర రెండు వేళ్లు బయటపడతాయి. ఆ ఏడాది కాలిఫోర్నియాలో వీఎంవేర్ కంపెనీ పుట్టింది. ఆ ఏడాది నవంబరులోనే హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటికి ఈ ఇద్దరికీ ముఖపరిచయం లేదు. సంబంధం తరవాత కుదిరింది, పెళ్లిచూపులు అమీర్‌పేటలో జరిగాయి.

ఆనవాళ్లు సులభం. ఎండాకాలంలోనూ ఒంటి మీద జాకెట్, మెడలో హెడ్‌సెట్, అందులో మ్యూట్‌లో పెట్టిన బ్రిడ్జ్ కాల్. ఇతడు రోజూ పెంచి, తగ్గించి, అటూ ఇటూ జరిపే సర్వర్లు టెక్సస్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉంటాయి. వాటిని ఇతడు కళ్లారా చూసింది లేదు. చూడని ఆస్తి మీద ఇంత పెత్తనం గల ఉద్యోగం మరొకటి అరుదు.

ఇతడి చేతిలో ఉండే సరుకు ఒక్కటే, మెమరీ. అదీ పరాయిది. ఒక భౌతిక సర్వర్‌లో 256 జీబీ ఉందనుకుంటే, దాని మీద నడిచే మెషిన్లన్నిటికీ కలిపి కాగితం మీద రాసిచ్చింది 400 జీబీ దాకా ఉంటుంది. నాలుగొందల శుభలేఖలు పంచి రెండొందల యాభై విస్తళ్లకు వంట చెప్పే ఇంటిపెద్ద లెక్క ఇది. అందరూ ఒకే పంక్తిలో కూర్చోరన్న ధైర్యం మీద పెళ్లి జరిగిపోతుంది.

ఒకవేళ కూర్చుంటే ఏం చెయ్యాలో కూడా ఏర్పాటుంది. ఒక్కో మెషిన్ లోపల బెలూన్ అనే చిన్న డ్రైవర్ ఉంటుంది. పైన మెమరీకి కరువొస్తే అది లోపల ఉబ్బుతుంది. చోటు చాలక ఆ మెషిన్ ఊరికే పెట్టుకున్న పేజీలను వదులుకుంటుంది, అవి ఆకలిగా ఉన్న మరో మెషిన్‌కు చేరతాయి. కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ పద్ధతిని వివరించింది. తీసుకుని వాడకుండా కూర్చున్న మెమరీ మీద వేసే పన్ను కూడా అందులోదే. మామూలు రేటు 75 శాతం, అంటే వాడని పేజీకి వాడే పేజీ కన్నా నాలుగు రెట్లు ఖరీదు కట్టడం. ఇతడు ఆ పత్రం చదివి ఉండకపోవచ్చు. దాని సారం మాత్రం పుట్టుకతోనే ఒంటబట్టి ఉంటుంది.

అందుకే దానం అడగ వచ్చినవారి దగ్గర ఇతడు ఎంగిలి చేత్తో కాకిని తోలడు. “అన్నా, రేపు గో-లైవ్ ఉంది, ఒక్క నాలుగు జీబీ పెంచవా?” అని అప్లికేషన్ టీమ్ కుర్రాడు వస్తే, “టికెట్ రెయిజ్ చెయ్యి బ్రో. ముప్పై రోజుల యూసేజ్ గ్రాఫ్ పెట్టు” అంటాడు. గో-లైవ్ అయ్యేది రేపు కాబట్టి ముప్పై రోజుల గ్రాఫ్ ఉండే అవకాశం లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. డేటాబేస్ చూసుకునే డీబీఏ వస్తే మర్యాద పెరుగుతుంది, మెమరీ పెరగదు. “మీకు లేదంటానా సార్, క్లస్టర్‌లోనే లేదు” అంటాడు, క్లస్టర్ అంటే ఆ భౌతిక సర్వర్ల గుంపు. ఆన్‌సైట్ మేనేజర్ నుంచి మెయిల్ వస్తే మాత్రం అదే క్లస్టర్‌లో పది నిమిషాల్లో ఎనిమిది జీబీ దొరుకుతుంది.

ఈ పిసినారితనానికి సాంకేతిక కారణం లేకపోలేదు. ముందుగా హాట్ ప్లగ్ టిక్కు పెట్టి ఉంటే, నడుస్తున్న మెషిన్‌కు ర్యామ్ కలపవచ్చు, తీయడం మాత్రం కుదరదు. తీయాలంటే మెషిన్ ఆపాలి, ఆపాలంటే దాని యజమాని ఒప్పుకోవాలి. ర్యామ్ వెనక్కి ఇవ్వడానికి మెషిన్ ఆపుకున్న యజమాని ఇంతవరకు ఇతడికి తగల్లేదు. అల్లుడికి ఇచ్చిన బండి లాంటిదే ఇదీ, పెట్రోలు పోయించమని కబురొస్తుంది గానీ బండి తిరిగి రాదు.

ఇంత గట్టి చెయ్యి ఒక్కచోట మాత్రం మెత్తబడుతుంది. ఆ చోటు పేరు వీసెంటర్ సర్వర్.

వీసెంటర్ అంటే ఊరికి కరణం. పొలం దున్నడు, నీరు పెట్టడు. ఏ మెషిన్ ఏ హోస్ట్ మీద, అంటే ఏ భౌతిక సర్వర్ మీద ఉంది, ఎవరి వాటా ఎంత, ఎవరికి ఏ హక్కుంది అన్న చిట్టా అంతా అతడి దగ్గరుంటుంది. 2003లో వర్చువల్ సెంటర్ పేరుతో కొలువులో చేరాడు. నడుస్తున్న మెషిన్‌ను ఆపకుండా ఒక హోస్ట్ నుంచి మరో హోస్ట్‌కు తరలించే వీమోషన్ విద్య అతడి చలవే. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది గానీ, ఈ కరణాన్ని రద్దు చేసే ప్రభుత్వం ఇంకా రాలేదు.

ఈ కరణం కుటుంబం పెద్దది. ఫోటాన్ అనే లినక్స్ ఇంట్లో, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ కొట్టుగదితో, రెండు డజన్లకు పైగా సర్వీసులు ఒకే కప్పు కింద కాపురం ఉంటాయి. వాటిలో చాలా వరకు జావావి, అంటే తిండిపుష్టి గలవి. అతి చిన్న కొలతకు ‘టైనీ’ అని పేరు. పది హోస్ట్‌లు, వంద మెషిన్లు ఉన్న ఊరికి అది చాలు. 2015 నాటి 6.0 వెర్షన్‌లో టైనీకి 8 జీబీ సరిపోయేది. 6.5లో 10 అయింది, 2020లో వచ్చిన 7.0లో 12, 2022లో వచ్చిన 8.0లో 14. ఊరు అదే పది హోస్ట్‌లు, అదే వంద మెషిన్లు. పెరిగింది కరణం పొట్ట ఒక్కటే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మన ఉద్యోగి ఎంచుకునేది టైనీయే. అప్పట్లో ఆరు హోస్ట్‌లే ఉంటాయి, ‘తరవాత చూద్దాం’ అన్న మాట ఆ రోజు మీటింగ్‌లో ఎవరో అంటారు. మూడేళ్లలో హోస్ట్‌లు పద్నాలుగు, మెషిన్లు రెండొందల అరవై అవుతాయి. తరవాత అనేది వచ్చేసిందని ఎవరూ చెప్పరు, వీసెంటరే చెబుతుంది. లాగిన్ పేజీ వచ్చేలోపు కాఫీ తాగి రావచ్చు. మెషిన్ల జాబితా సగం వచ్చి చక్రం తిరుగుతూ ఉంటుంది. మెమరీ అయిపోవస్తోందని అలారం పసుపు నుంచి ఎరుపుకు మారుతుంది. మర్నాడు 503 అనే ఎర్రర్ అంకె తెర మధ్యలో ఒంటరిగా నిలబడుతుంది.

ఇక్కడ శాస్త్రం చెప్పేది ఒకటి, ఇతడు చేసేది మరొకటి. శాస్త్రప్రకారం ముందు 5480 పోర్టులో ఉన్న నిర్వహణ పేజీ తెరిచి మెమరీ గ్రాఫ్ చూడాలి. లినక్స్ ఖాళీ ర్యామ్‌ను ఊరికే ఉంచక ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది కాబట్టి ‘ఖాళీ’ అన్న గడిలో అంకె చిన్నదిగా ఉన్నంత మాత్రాన కరువని నిర్ధారించకూడదు. లాగ్‌లు దాచే డిస్క్ విభాగం నిండిందేమో చూడాలి, సర్టిఫికెట్ గడువు తీరిందేమో చూడాలి, ఈ రెండూ కూడా వీసెంటర్‌ను ఇలాగే మంచాన పడేస్తాయి. అప్లికేషన్ కుర్రాడిని ముప్పై రోజుల గ్రాఫ్ అడిగిన వ్యక్తి ఇప్పుడు మూడు నిమిషాల గ్రాఫ్ కూడా అడగడు. “ర్యామ్ పెంచుదాం” అంటాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, క్లయింట్ ర్యామ్‌ను తన సర్వర్‌కు తానే మంజూరు చేసుకుంటాడు. టైనీ నుంచి తరవాతి కొలత స్మాల్‌కు, 14 నుంచి 21కి, ఏడు జీబీలు. స్మాల్‌కు రెండు ప్రాసెసర్లు కాదు, నాలుగు ఉండాలి. వంద హోస్ట్‌లు, వెయ్యి మెషిన్ల దాకా అది భరిస్తుంది.

మంజూరుకు, అమలుకు మధ్య, మార్పులకు అనుమతిచ్చే క్యాబ్ అనే మీటింగ్ అడ్డం పడుతుంది. అందులో పదకొండు మంది ఉంటారు. వాళ్లలో పది మంది ఒకే ప్రశ్న అడుగుతారు: “మా అప్లికేషన్‌కు ఇంపాక్ట్ ఉందా?” వీసెంటర్ ఆగినా మెషిన్లు నడుస్తూనే ఉంటాయి. ఒక హోస్ట్ కూలితే దాని మెషిన్లను వేరేచోట లేపే హెచ్ఏ కూడా, ముందే అమర్చి ఉంటే, హోస్ట్‌ల మధ్య తనంత తానుగా పనిచేస్తుంది. వీమోషన్, భారం సర్దే డీఆర్ఎస్ మాత్రం కొంతసేపు ఉండవు. “ఇంపాక్ట్ లేదు” అని ఇతడు జవాబిస్తాడు. జవాబు నిజమే అయినా చెప్పేటప్పుడు గొంతులో చిన్న బాధ పలుకుతుంది. తన సర్వర్ ఆగితే ఊళ్లో ఎవరికీ ఏమీ కాదని పదకొండు మంది ముందు ఒప్పుకోవడం తేలిక కాదు. పదకొండో మనిషి స్టోరేజ్ టీమ్‌వాడు. “ర్యామ్‌కు డిస్కెందుకు?” అని అతడు అడుగుతాడు. మెషిన్ లేచినప్పుడు, రిజర్వ్ చెయ్యని ర్యామ్ ఎంతో అంత స్వాప్ ఫైలు డేటాస్టోర్ అనే డిస్కు గిడ్డంగిలో తయారవుతుంది, కాబట్టి అక్కడ కూడా ఏడు జీబీ కావాలి. అప్పటిదాకా ర్యామ్ కోసం వచ్చినవాళ్లను ఇతడు చూసిన కళ్లతో ఇప్పుడు స్టోరేజ్‌వాడు ఇతణ్ని చూస్తాడు. “టికెట్ రెయిజ్ చెయ్యి బ్రో” అంటాడు.

చేంజ్ శనివారం అర్ధరాత్రి. క్రమం ఇది. ముందుగా నిర్వహణ పేజీ నుంచి బ్యాకప్ తీస్తారు. తరవాత వీసెంటర్ ఇప్పుడు ఏ హోస్ట్ మీద ఉందో కాగితం మీద రాసుకుంటారు. ఈ రెండో మెట్టు చిన్నదిగా కనబడుతుంది గానీ ఇతడి జాతిలో అనుభవజ్ఞుణ్ని, కొత్తవాణ్ని వేరుచేసే గీటురాయి ఇదే. వీసెంటర్ కూడా ఒక వర్చువల్ మెషినే, అది ఆగగానే దాని తెర మాయమవుతుంది. ర్యామ్ మార్చి మళ్లీ లేపాలంటే అది ఉన్న హోస్ట్‌లోకి నేరుగా వెళ్లాలి. ఏ హోస్టో చెప్పగలిగేది వీసెంటర్ ఒక్కటే, డీఆర్ఎస్ సాయంత్రమే దాన్ని ఎటో జరిపి ఉండవచ్చు. కరణాన్ని నిద్రపుచ్చాక చిట్టా పెట్టె తాళంచెవి అతడి మొలతాడుకే ఉందని తెలియడం లాంటిది. రాసుకోనివాడు పద్నాలుగు హోస్ట్‌లనూ ఒక్కొక్కటే తెరిచి చూస్తాడు. వెతికేది ఎప్పుడూ పదమూడో హోస్ట్‌లోనే ఉంటుంది.

మెషిన్ ఆగాక ఒక స్నాప్‌షాట్ తీస్తారు. స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచకూడదని వీఎంవేర్ సలహా. అలా ఉంచితే అది లోలోపల పెరుగుతూ డేటాస్టోర్‌ను తినేస్తుంది. ఇతడు దాని పేరు దగ్గర ‘తీసేయాలి’ అని రాసి తృప్తిపడతాడు. ఆ తరవాత సెట్టింగ్స్ తెరిచి 14 దగ్గర 21, రెండు దగ్గర నాలుగు పెట్టడానికి పట్టేది నలభై సెకన్లు. మూడు వారాల కథలో అసలు పని ఇంతే.

పవర్ ఆన్ చేశాక చూసే పని మొదలవుతుంది. లేచేటప్పుడు వీసెంటర్ తనకున్న మొత్తం ర్యామ్‌ను లెక్కకట్టి ఒక్కో సర్వీసుకు ఎంత అన్నది కొత్తగా పంచుతుంది. నడుస్తుండగా ర్యామ్ కలిపినవాళ్లు కూడా సర్వీసులు రీస్టార్ట్ చెయ్యక తప్పదన్నది అందుకే. ఇరవై నిమిషాల పాటు తెర మీద 503. తరవాత క్లయింట్ సిద్ధమవుతోందన్న ఒక వాక్యం. ఇతడు రిఫ్రెష్ నొక్కుతూ ఉంటాడు. నొక్కడం వల్ల అది త్వరగా లేవదని ఇతడికి తెలుసు, అయినా ఆపరేషన్ థియేటర్ బయట నడిచే మనిషిని ఎవరూ కూర్చోమనలేరు. ఆ గంటలో ప్రపంచంలో ఇద్దరే కంగారుపడతారు. ఒకడు ఇతడు. రెండోది బ్యాకప్ సాఫ్ట్‌వేర్, వీసెంటర్ దొరకలేదని అది వరసగా మెయిళ్లు పంపుతుంది.

ఆదివారం తెల్లవారే సరికి వీసెంటర్ పరుగెడుతుంది. లాగిన్ క్షణంలో వస్తుంది, జాబితా పూర్తిగా వస్తుంది. ఇక్కడే ఈ విద్యలోని అసలు రహస్యం ఉంది. ర్యామ్ పెంచిన ప్రతిసారీ సర్వీసులు రీస్టార్ట్ అవుతాయి, రీస్టార్ట్ అయిన ఏ సర్వీసైనా కొన్నాళ్లు చురుగ్గా ఉంటుంది. నయం చేసింది ర్యామా, రీస్టార్టా అన్నది ఎప్పటికీ తేలదు. కప్పల పెళ్లి చేశారు, వాన పడింది. పెళ్లి చేయించినవాణ్ని మబ్బుల గురించి ఎవరూ అడగరు. సోమవారం మీటింగ్‌లో చప్పట్లు పడతాయి. అదే మధ్యాహ్నం అప్లికేషన్ కుర్రాడు గ్రాఫ్‌తో సహా వచ్చి నాలుగు జీబీ అడిగితే, క్లస్టర్‌లో లేదన్న జవాబు ఈసారి అక్షరాలా నిజమవుతుంది.

ఈ జాతి వృద్ధి చెందేది కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ద్వారా. పాతవాడు నోటీస్ పీరియడ్ చివరి వారంలో కొత్తవాడికి తన జ్ఞానాన్ని ఒక వర్డ్ ఫైలుగా అప్పగిస్తాడు. అందులో వీసెంటర్ గురించి ఉండేది మూడు ముక్కలు: స్లో అయితే ర్యామ్ పెంచాలి, ఇప్పుడు 21, తరవాతి సైజు 30. ఎందుకు స్లో అయిందో ఉండదు, లాగ్‌ల డిస్క్ ఎంత నిండిందో ఉండదు. స్నాప్‌షాట్ సంగతి కూడా ఉండదు.