ఫొటోల బాబాయి

ప్రతి వంశంలోనూ ఇలాంటివాడు ఒకడు తయారవుతాడు, సాధారణంగా రిటైరైన మర్నాడు. మాకు బాబాయి దొరికాడు.

పెళ్లికి అందరూ చదివింపుల కవరుతో వస్తే, ఆయన బట్టలకొట్టు సంచీ నిండా పాత ఫొటోలతో వస్తాడు. ముహూర్తంతో పనిలేదు. పంక్తిలో పప్పన్నం కలుపుకుంటున్న ముసలివాళ్ల ముందు భూతద్దం పెట్టి, "ఈ ఏడుస్తున్న పిల్లెవరండీ?" అంటాడు. ఏడ్చే పిల్లలు ఎవరికీ ఏమీ కారు. బుగ్గన చుక్కతో బొద్దుగా ఉన్న బిడ్డని చూపిస్తే మాత్రం నలుగురు "నేనే" అంటారు.

ఆధారాలా? బడి రికార్డు తీస్తే మా ఇంట్లో సగంమంది జులై 1నే పుట్టారు. అది హెడ్మాస్టరుగారు దయచేసిన పుట్టినరోజు. మనవడికి తాత పేరు పెట్టడంతో ఒకే పేరు తరం విడిచి తరం తేలుతుంది. దత్తు వెళ్లినవాడు ఇంటిపేరుతో సహా మాయం. ఇక మేనరికాల పుణ్యమా అని బాబాయి గీసిన వంశవృక్షం మర్రిచెట్టయింది. ఊడలు దిగి మొదట్లోనే పాతుకున్నాయి. గయలో పిండాలు పెడుతూ కూడా ఆయన కళ్లు పండాగారి చిట్టా మీదే.

ఆయన సంచీలో మకుటాయమానం ఒక ఆడపిల్ల ఫొటో. మూడేళ్లుంటాయి. పట్టు పరికిణీ, మొగలిరేకుల జడ, ఆ జడ కనబడాలని వెనకాల నిలువుటద్దం. గుప్పిట్లో ఏదో బిగించి పట్టుకుంది. వెనక పెన్సిలుతో రెండే మాటలు: "చంటి. తారణ."

తారణ అరవయ్యేళ్లకోసారి వస్తుంది. 2004 కాదు, 1944 మరీ నిన్నమొన్న. బాబాయి 1884 ఖాయం చేశాడు. "రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జెనానా స్టూడియో పెట్టాడురా, అక్కడ తీసిందే ఇది."

"అది 1892లో కదా బాబాయ్, పెట్టింది?"

"నువ్వు చిన్నవాడివి, ఊరుకో."

గుప్పిట్లోది బంగారు కుంకుమభరిణె అని తేల్చాడు. భరిణె ఉందంటే జమీందారీ సంబంధం. అక్కణ్ణుంచి పిల్లకి పెళ్లి చేశాడు, పందొమ్మిదో ఏట కలరాతో పుణ్యస్త్రీగా సాగనంపాడు. ఇంట్లో ఇంత పేరంటాలుండగా ఇన్నాళ్లూ పట్టించుకోలేదని పిన్ని లెంపలేసుకుని, మూడేళ్లుగా ప్రతి శుభకార్యానికీ ఆ ఫొటో ముందు చీర పెడుతోంది.

మొన్న మా చెల్లి పెళ్లిలోనూ పెట్టింది. తొంభై దాటిన పెద్దమామ్మ చీరకేసి చూసి, ఫొటో అడిగి పుచ్చుకుంది. భూతద్దం అక్కర్లేకపోయింది.

"ఇదేంట్రా, మా చంటిగాడి ఫొటోకి బొట్టెట్టారు?"

"చంటిగాడా?"

"తిరుపతి మొక్కురా. పుట్టు వెంట్రుకలు తియ్యకముందు జడ వేయించాం. కదలకుండా ఉంటాడని చేతిలో అరిసె పెట్టాను. సగం తినేశాడు వెధవ."

అందరం కిటికీ వైపు తిరిగాం. అక్కడ చిన్నతాతయ్య పేపరు చదువుకుంటున్నాడు. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రెండు మండలాల పిల్లల్ని వణికించిన మేష్టారు. ఆయన ముందు దగ్గడానికి కూడా మాకు ధైర్యం చాలదు. పిన్ని చేతిలో పసుపు గిన్నె అలాగే ఉండిపోయింది.

బాబాయి రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి రబ్బరు తీశాడు. చార్టులో జమీందారుని చెరిపాడు, కలరాని చెరిపాడు. కళ్లు మళ్లీ వెలిగాయి.

"అరిసె అన్నావు కదత్తా? అంటే సంక్రాంతి. తారణలో సంక్రాంతంటే 1945 జనవరి! నెలతో సహా దొరికింది!"

చిన్నతాతయ్య పేపరు నాలుగు మడతలు పెట్టి, కళ్లజోడు మీంచి పిన్నిని చూశాడు.

"మూడేళ్లుగా పెడుతున్నావు కదా. మరి నా చీరలేవమ్మా?"