దండెం కాక

లాడ్జి గదిలో అడుగు పెట్టగానే కొందరు టీవీ రిమోట్ వెతుకుతారు, కొందరు వేడినీళ్లు వస్తున్నాయో లేదో చూస్తారు. మా కాక గోడలకు మొలలున్నాయో లేవో చూస్తాడు. ఒక మొల కనబడితే ఆయన మొఖం విప్పారుతుంది. ఎదురు గోడకు రెండోది కూడా కనబడిందా, ఇక ఆ లాడ్జి ఓనరంత పుణ్యాత్ముడు లేడు. పరుపు మీది మరకలు, పక్కగది వాళ్ల లొల్లి, ఏవీ ఆయన లెక్కలోకి రావు. సంచి పక్క జేబులోంచి ఆకుపచ్చ నైలాన్ తాడు తీస్తాడు, ఈ మొల నుంచి ఆ మొలకు గుంజి కడతాడు, వేలితో ఒకసారి మీటుతాడు. మోగాలి. మోగకపోతే ముడి విప్పి మళ్లీ బిగిస్తాడు. దండెం కట్టే దాకా మంచినీళ్లు కూడా ముట్టడు.

మీ చుట్టాల్లోనూ ఇట్లాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. పొద్దున విప్పిన బనియన్ రాత్రిలోగా ఉతికి ఆరేయకపోతే వంశానికే అప్రతిష్ఠ అన్నట్టు తిరిగేవాళ్లు. నాలుగు రోజుల ప్రయాణానికి రెండు జతలే తెచ్చుకుంటారు. ఇంకో రెండు జతలు పెట్టుకోరాదా అని అడిగితే మా కాక దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. "గన్ని బట్టలు మోస్కపోవుడు దేనికిరా? గాలి ఉత్తగనే దొరుకుతది గదా!"

ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేం. కాకది జైనూర్. ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాటు ఎక్కి వచ్చినా, ఉట్నూర్ దిక్కు నుంచి వచ్చినా చుట్టూ గుట్టలూ అడవీ. 2016లో జిల్లాలు చీలేదాకా ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్. అక్కడ ముసురు పట్టిందంటే సూర్యుడి మొఖం చూడక రోజులు గడుస్తాయి. చలికాలమైనా సుఖం లేదు. రాష్ట్రంలో చలికి పేరుపడ్డ సిర్పూర్ (యు) పక్క మండలమే. అట్లాంటి చోట ఆశ్రమ పాఠశాలలో పంతులుగిరీ చేస్తూ, నల్లరేగడి బురదలో తెల్ల అంగీ వేసుకుని బడికి పోయిన మనిషి మా కాక. హాస్టల్ పిల్లల యూనిఫారాలు కిటికీ చువ్వలకు, బెంచీలకు, చివరికి గోడ మీది దేశపటానికి కూడా వేలాడేవట. "కన్యాకుమారి కింద ఎవని చెడ్డో ఏలాడుతుంటె, గది పక్కకు జరిపి హిందూ మహాసముద్రం సూపిచ్చిన" అంటాడు.

జైనూర్ మండలంలోనే మార్లవాయి ఉంది. కుమురం భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు పంపగా వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఆ ఊళ్లోనే గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడ గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించారు. బెట్టీ సమాధి కూడా అక్కడే ఉంది. ఆ దంపతులంటే కాకకు ఎంతో గౌరవం. కానీ ఒక్క ఫిర్యాదు. "గోండుల పెండ్లి రాసిండు, దినాలు రాసిండు, నాగోబా పూజ రాసిండు. అంత వానల ఆ దొర అంగీ ఎట్ల ఎండిందో మాత్రం రాయకపాయె. గదే రాస్తె మాకు పనికొస్తుండె."

కాకతో ఎక్కడికి పోయినా, వచ్చాక ఆయన చెప్పే విశేషాలు మాత్రం వేరు. ఆగ్రా అంటే తాజ్‌మహల్ గుర్తు రాదు, మార్చి నెల పొడిగాలి గుర్తొస్తుంది. 2015 జులైలో గోదావరి పుష్కరాలకు ధర్మపురి పోయొచ్చి, "జనం మంచిగున్నరు, దేవుడు మంచిగున్నడు, గాలే మంచిగలేదు, తువాల రెండు రోజులు ముక్కింది" అన్నాడు. అదే 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు తుమ్మిడిహెట్టి పోయినప్పుడు, ఆ ఎండకు మేమంతా సొమ్మసిల్లి చెట్టు నీడకు చేరితే, ఆయన ఒక్కడు ఒడ్డు మీద నిలబడి చేతుల మీద తువాల పరుచుకుని పరవశించిపోయాడు. చాయ్ చల్లారేలోపు ఎండిందని ఇప్పటికీ చెప్తాడు. పుణ్యం ఎంత వచ్చిందన్న లెక్క ఆయన తీయలేదు.

హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కు వచ్చినప్పుడల్లా బాల్కనీ ఆయన స్వాధీనమవుతుంది. అక్కడితో ఆగితే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు. నేను ఆఫీసు వీడియో మీటింగ్‌లో మూడు నెలల లెక్కలు చెప్తుండగా, వెనక కుర్చీ మీద పట్టాపట్టీల లాగు ఆరేసి పోయాడు. మా మేనేజరు చాలాసేపు మర్యాద కాపాడుకుని, చివరికి "మీ వెనక జెండా ఏ దేశానిది?" అని అడిగాడు. ఆ కక్ష ఇక్కడ తీర్చుకుంటున్నానని కొందరు అనుకోవచ్చు. అనుకోనీయండి.

అసలు కథ ఓడది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు విహారనౌక మొదలైందని పేపర్లో పడింది. కాక కూతురు, అంటే మా చెల్లె, ఉద్యోగం వచ్చిన సంబరంలో టికెట్లు తీసింది. ఓడ పేరు ఎంప్రెస్, 1990లో ఫ్రాన్స్‌లో కట్టిందట. కాక వెంటనే, "అయితే మన మండలం కంటె ఐదేండ్లు చిన్నది" అని తేల్చాడు. మండలాలొచ్చింది 1985లో కదా!

గదులు పంచుకునేటప్పుడు చిన్నమ్మ ముందుగానే ప్రకటించింది. "నేను బిడ్డతోని పండుకుంట. పెండ్లైన కాణ్నుంచి తడి లుంగీ మొఖానికి తాకి లేస్తున్న. ఈ రెండు రోజులన్న పొడిగ పండుకోనీ." అట్లా కాక నా వంతుకు వచ్చాడు.

ఓడ ఎక్కే ముందు విశాఖ బీచ్‌లో మునిగాడు. ఎక్కేటప్పుడు సామాను తనిఖీలో ఇస్త్రీ పెట్టె పట్టుబడింది. అగ్గి అంటుకుంటుందన్న భయంతో విహారనౌకల్లో ఇస్త్రీ పెట్టెలను ఒప్పుకోరు. దిగేటప్పుడు తిరిగిస్తామని చీటీ కట్టి పక్కన పెట్టారు. కాక ఆ చీటీని ఓటరు కార్డు పక్కన దాచుకున్నాడు. తర్వాత ప్రమాదం జరిగితే ఎటు పోవాలో, లైఫ్ జాకెట్ ఎట్లా తొడుక్కోవాలో అందరికీ చూపించారు. ఏమన్నా సందేహాలుంటే అడగమన్నారు. కాక నా చెవిలో, "పడవలకు దిగాల్నంటే ఎన్ని జతలు తీస్కపోనిస్తరో అడుగు" అన్నాడు. నేను అడగలేదు. ఆయనకు అది ఇప్పటికీ మనసులో ఉంది.

మాది కిటికీ లేని లోపలి కేబిన్. రెండు మంచాలు, ఒక అల్మారా, నిలబడి చేయి చాపితే గోడ. నాకు ఊపిరాడలేదు. కాకకు మొల దొరకలేదు. ఎవరి బాధ వాళ్లది. నున్నటి తెల్లగోడను అరచేత్తో తడుముతూ చాలాసేపు తిరిగాడు. తర్వాత ఏదో అనుమానమొచ్చి, జైనూర్ అంగట్లో కొన్న అయస్కాంతం కొక్కెం ఒకటి తీసి గోడకు ఆనించాడు. టక్కున అతుక్కుంది. ఓడల్లో కేబిన్ గోడలు ఉక్కు రేకులతో కడతారన్న సంగతి లక్షలు పోసి తిరిగేవాళ్లు ఏళ్లకు తెలుసుకుంటారు. మా కాకకు ఎక్కిన పావుగంటలో తెలిసింది. "మొల లేదని నేనేడుస్తున్న, గోడకు గోడే ఇనుముదిరా!" అని నా భుజం మీద కొట్టాడు. అంతలో స్నానాల గదిలోంచి ఇంకో కేక. షవర్ కింద గోడకు చిన్న డబ్బీ ఉంది, గుంజితే సన్నటి తీగ వస్తోంది, ఎదుటి గోడకు తగిలిస్తే దండెం. "ఈ ఓడ కట్టినోడు మనోడే" అన్నాడు. ఫ్రాన్స్ మీద ఆయనకు ఆ రోజు కలిగిన అభిమానం ఇంకా తగ్గలేదు.

బీచ్‌లో తడిసిన బట్టలను ముందు మంచినీళ్లలో జాడించాడు. ఎందుకంటే ఉప్పునీళ్లతో ఆరేసిన బట్ట ఆరినట్టే ఆరి మళ్లీ మెత్తబడుతుంది. వానకాలంలో వంటింట్లో ఉప్పుడబ్బా ఎట్లా చెమ్మగిలుతుందో అట్లా, బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను గుంజుకుంటుంది. ఈ సంగతి సముద్రానికి వందల మైళ్ల దూరంలో పుట్టిన మనిషికి ఎట్లా తెలిసిందని అడిగితే, "ఏడో తరగతి సైన్సు నేనే చెప్పిన గదా" అన్నాడు.

రెండో రోజు ఈతకొలను. అందులోకి నైలాన్ బట్టలుంటేనే దిగాలన్నారు. పట్టాపట్టీల లాగుకు ప్రవేశం లేదు. చెల్లె ముందే ఊహించి నీలిరంగు ఈత చెడ్డీ ఒకటి కొని తెచ్చింది. కాక మొదట సిగ్గుపడి, పైన తువాల చుట్టుకుని, ఆ తువాలతోనే దిగబోయి, ఈల ఊదిన తర్వాత విప్పాడు. నీళ్లలో ఎంతసేపు ఉన్నాడో గానీ, పైకి వచ్చాక ఆ చెడ్డీని పిండి చూసి నిర్ఘాంతపోయాడు. నూలు గుడ్డ నీళ్లను పోగుల్లోకే తాగుతుంది. నైలాన్ దారం అంత తాగదు, నీళ్లు పైపైనే ఉంటాయి, ఒక్క పిండుకు దిగిపోతాయి. "గీ గుడ్డ మా బడిపిల్లలకు ఇస్తే నా సర్వీసంత సుఖంగ పోతుండె" అన్నాడు. ఆ తర్వాత ఈత కోసం కాదు, ఆరబెట్టడం కోసం రెండుసార్లు దిగొచ్చాడు. నేను దాన్ని వ్యాయామం అనుకుని మెచ్చుకున్నాను.

గది తుడిచే పిల్లవాడు రోజూ మా మంచాల మీద తువాళ్లతో ఏదో ఒక జంతువును చేసి పెట్టిపోయేవాడు. విహారనౌకల్లో అదొక ముచ్చట. మొదటిరోజు ఏనుగు. నేను ఫొటో తీద్దామని ఫోను వెతికేలోపు కాక దాని తొండం విప్పేశాడు. పొడి తువాల పరిచి, దాని మీద తడి అంగీ పరిచి, చాపచుట్ట చుట్టి, పైకెక్కి తొక్కాడు. అట్లా తొక్కితే సగానికి సగం నీళ్లు తువాలలోకి దిగిపోతాయి, మిగతాది గదిలో ఏసీ గాలి చూసుకుంటుంది. ఏసీ గాలిలో తేమ తక్కువ కదా. ఇదంతా నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఏనుగును తొక్కి చంపడం నా కళ్లముందే జరిగింది.

రాత్రి దీపాలార్పితే ఆ కేబిన్‌లో చిమ్మచీకటి. బాత్రూం గాలి జాలీ నుంచి మంచం కాళ్ల దాకా రెండు దండేలు, వాటి మీద లుంగీ, బనియన్లు, చెడ్డీ. కొంచెం అలలొచ్చినట్టున్నాయి. కాక టార్చి వేసి లుంగీ వైపు చూసి, "ఓడ కుడిపక్కకు ఒరుగుతున్నది" అన్నాడు. కాసేపటికి మళ్లీ టార్చి. "ఇప్పుడు నిమ్మళించింది." సముద్రం లోతెంతో, గాలి ఏ దిక్కో ఆయనకు లుంగీయే చెప్పింది. తెల్లారుజామున ఓడ ఇంకోసారి ఒరిగి, ఆయన తడి మేజోడు నా నోటి మీద పడింది. చిన్నమ్మ మాటల లోతు నాకు అప్పుడు తెలిసింది.

అంత చేసినా ఆ గది తుడిచే పిల్లవాడు కోపం తెచ్చుకోలేదు. రెండో రోజు సాయంత్రం వచ్చేసరికి తువాలతో కోతిని చేసి, మంచం మీద కాక, కాక దండెం మీదే రెండు క్లిప్పులు పెట్టి వేలాడదీసి పోయాడు. నేను పగలబడి నవ్వాను. కాక మాత్రం నవ్వలేదు. చాలాసేపు దాని కింద నిలబడి, "పిల్లగాడు నా తాడు బలమెంతో సూసిండు" అన్నాడు. ఆ కోతిని మాత్రం తొక్కలేదు. చెన్నైలో దిగేటప్పుడు ఆ పిల్లవాడికి రెండు కొక్కేలు బహుమతిగా ఇచ్చాడు. ఇస్త్రీ పెట్టె తిరిగి తీసుకోవడం మరిచిపోయేవాడే, చీటీ ఓటరు కార్డుతో పాటు బయటికొచ్చి గుర్తు చేసింది.

ఇప్పుడు చెల్లెకు సంబంధాలు చూస్తున్నారు. అన్నీ అమెరికావే వస్తున్నాయి. కాక ఒక్కొక్కటీ తిప్పి పంపుతున్నాడు. కారణం ఎవరికీ అంతుబట్టలేదు, మొన్న ఆయనే చెప్పాడు. అక్కడ చాలా కాలనీల్లో ఇంటి ముందర, బాల్కనీలో బట్టలు ఆరేస్తే ఊరుకోరట, కాలనీ సంఘం నోటీసులిస్తుందట. ఈ మాట నిజమే. కాకపోతే కొన్ని రాష్ట్రాల్లో దండేన్ని నిషేధించకూడదని చట్టాలే ఉన్నాయి, ఫ్లోరిడాలో అట్లాంటి చట్టం ఉందని నేను నోరు జారాను. అప్పటి నుంచి కాక ఫ్లోరిడా పేరు తప్ప ఇంకో పేరు తీయడం లేదు.

కాబట్టి చదివేవాళ్లకు నా మనవి ఇది. పిల్ల చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, బంగారం. ఫ్లోరిడాలో బుద్ధిమంతుడైన పిల్లగాడెవరైనా మీ ఎరుకలో ఉంటే చెప్పండి. కాక జాతకం చూడడు, జీతం కూడా అంతగా అడగడు. వెనక పెరట్లోకి ఎండ ఏ పూట వస్తుందో మాత్రం ముందే కనుక్కుని ఉంచండి.