ఒక చుక్కకు 81 చుక్కలు ఉచితం

2006 నుంచి 2008 దాకా తయారైన తమ డీవీడీల్లో కొన్ని పాడవుతున్నాయని 2025లో వార్నర్ బ్రదర్స్ వాళ్ళు ఒప్పుకున్నారో లేదో, మన షోకేసుల్లో ఏళ్ళ తరబడి దుమ్ము తింటున్న వీసీడీలకు ఒక్కసారిగా రాజయోగం పట్టింది. ‘భోంచేశారా’ అని పలకరించే చుట్టాలు ఇప్పుడు ‘బ్యాకప్ చేశారా’ అంటున్నారు.

మంచిదే. డిస్కులు కాపీ చేసే ఏదో సాఫ్ట్‌వేర్ ట్రయల్ వెర్షన్ ఐదు నిమిషాల సినిమా కాపీ చేసి డబ్బు కట్టమంటుంది, కడదాం. కంప్యూటర్ డ్రైవ్ డీవీడీ రీజియన్‌ను ఐదుసార్లకు మించి మార్చనివ్వదు, సర్దుకుందాం. సొంత డబ్బుతో కొన్న డిస్కుకు తాళం తీయడం తప్పా అని అడిగితే, లాయరు గారు కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ తీసి, రెండుసార్లు చదివి, టీ తెప్పిస్తారు. తాగేద్దాం.

కానీ ఆ ‘4కే బ్యాకప్’ బటన్ ఉంది చూశారూ, దాన్ని మాత్రం వదిలిపెట్టలేను. మీ పాత వీసీడీని కృత్రిమ మేధ తళతళలాడే 4కేగా మార్చేస్తుందట. నాణ్యత నూటికి నూరు పాళ్ళట!

లెక్క వేద్దాం. మన వీసీడీ బొమ్మ అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. మొత్తం 1,01,376. 4కే అంటే 3840, 2160. మొత్తం 82,94,400. అంటే ఇంచుమించు 82 చుక్కల్లో సినిమావాళ్ళది ఒక్కటి, మిగతా 81 కంప్యూటర్ సొంత కవిత్వం. ఆ ఒక్కటి కూడా వీసీడీలోకి ఎక్కేటప్పుడు ఎంపెగ్-1 నలిపి పెట్టినదే.

‘మాయాబజార్’ పెట్టి చూడండి. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి ముఖంలో ఎస్వీ రంగారావు కనిపించాలి. ఆ కనుబొమ మీద, ఆ పెదవి విరుపులో, ఆ నడకలో ఉన్నదంతా అదే. కంప్యూటర్‌కు ఘటోత్కచుడెవరో తెలియదు. దానికి తెలిసిందల్లా లక్షల ఫొటోల్లో ఆడవాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయన్నదే. అందుకని విరుపు సర్దేసి, చర్మం నునుపు చేసి, మైనపుబొమ్మను కూర్చోబెడుతుంది. లోపలి రాక్షసుడు మాయం.

వెనక నిలబడ్డ చెలికత్తెల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకామెకు కళ్ళు మూడోవైపు చూస్తుంటాయి. మూలనున్న వీసీడీ కంపెనీ లోగో మాత్రం నిజంగానే 4కేలో ధగధగలాడుతుంది.

ముచ్చటపడి చేసుకుంటే ఎవరికి నష్టం అంటారు. నష్టం ఉంది. ‘బ్యాకప్ అయిపోయిందిగా’ అని డిస్కుల్ని పాత సామాన్లవాడికి తూకానికి వేస్తున్నారు. ఎన్నో పాత తెలుగు సినిమాలకు నెగటివ్ ఎక్కడుందో నిర్మాతల వారసులకే తెలియదు. గీతలు పడ్డ ఆ వీసీడీయే మిగిలిన సాక్ష్యమైన సినిమాలూ ఉంటాయి. దాన్ని పారేసి, కంప్యూటర్ ఊహించిన ముఖాన్ని దాచుకుని, దానికి బ్యాకప్ అని పేరు పెడతారా? ఆ పేరుతో డబ్బు వసూలు చేసేవాళ్ళకు సిగ్గుండాలి. సాక్ష్యాన్ని దిద్దమని మిమ్మల్నెవరు అడిగారు?

డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్లే బోలెడున్నాయి. ఒక టెరాబైట్ హార్డ్‌డిస్కులో రెండేసి వీసీడీల సినిమాలు ఆరువందల దాకా పడతాయి. అందులో అమ్మడానికేమీ లేదు కాబట్టే దానికి ప్రకటనలూ లేవు.

ఇంత చెప్పినా మీ ఇంట్లో డిస్కులు అడ్డమనిపిస్తే తూకానికి వేయకండి, నాకివ్వండి. గీతలున్నా తీసుకుంటాను. రెండో డిస్కు మాత్రం మరిచిపోవద్దు.