వచ్చిందా? రాలా!

మా మామ టీవీ చూడగా ఎవరూ చూడలేదు. ఆయన టీవీ పెడతాడు. బొమ్మ పడేదాకా ఆయనకు ఆకలుండదు, దాహముండదు. బొమ్మ పడ్డాక అందులో ఎవరున్నారో, ఏమంటున్నారో ఆయనకు పట్టదు. చొక్కా దులుపుకుని, "ఇంక చూసుకో అక్కా" అని మా అమ్మ చేతిలో రిమోట్ పెట్టి, పక్కింటి డాబా వైపు కన్నేస్తాడు, వాళ్ళ డిష్ సరిగ్గా తిరిగి ఉందో లేదోనని.

ఇట్టాంటి మనిషి మీ చుట్టాల్లోనూ ఒకడు ఉండే ఉంటాడు. పెళ్ళిచూపులకు పోయినా పరామర్శకు పోయినా చెప్పులు విడిచాక ఆయన చెయ్యి పోయేది రిమోట్ మీదికే. మంచినీళ్ళు తెచ్చేసరికి మెనూలో ఉంటాడు, కాఫీ తెచ్చేసరికి సెట్టింగుల్లో ఉంటాడు. "ఏంది వదినా, కలర్ ఇంత ఎర్రగా పెట్టుకున్నారు?" అని ఆ ఇంటామెను మందలించి, వద్దు వద్దంటున్నా ఆటో స్కాన్ నొక్కేస్తాడు. ఆటో స్కాన్ అంటే ఏళ్ళ తరబడి వేళ్ళకు అలవాటైన నంబర్లన్నీ గంగలో కలవడమే. సాయంత్రం ఏడున్నరకు సీరియల్ కోసం పాత నంబరు నొక్కితే గుజరాతీలో ఎరువుల గురించి ఎవరో చెబుతుంటారు. అప్పటికి మామ బస్సెక్కి గూడూరు దాటి ఉంటాడు.

మాది చిట్టమూరు. ఊరేదని అడిగితే ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే నోటికొస్తుంది గానీ, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పంచినప్పుడు మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు. ఊళ్ళో అందరూ బాధపడుతుంటే మామ ఒక్కడే నిమ్మళంగా ఉన్నాడు. "చానెల్ యాడ ఉండేది ఆడ్నే ఉండాది అబ్బయా. నంబరు మార్చినారు, అంతే" అన్నాడు.

ఆయనకు ఈ విద్య అబ్బింది మద్రాసు పుణ్యాన. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది, హైదరాబాదుది 1977 అక్టోబరులో. రాష్ట్రం ప్రకారం అప్పట్లో మేం హైదరాబాదు వాళ్ళమే గానీ, గాలి ప్రకారం మద్రాసు వాళ్ళం. అదీ నూరు కిలోమీటర్ల పైమాటే. కాబట్టి డాబా మీద ఇనుప పైపు, పైపు మీద పైపు, ఆపైన యాంటీనా, దాని మెడలో బూస్టర్. అంత ఎత్తు లేపితే తప్ప డయనోరా టీవీలోనో సాలిడెయిర్ టీవీలోనో చుక్కలు తగ్గి మనిషి ఆకారం కనబడేది కాదు. శుక్రవారం రాత్రి తమిళ సినిమా పాటలు వచ్చేవి. మాకెవరికీ తమిళం రాకపోయినా ఇంటినిండా జనం. ఆ జనం చేతనే మామ పని చేయించేవాడు.

డాబా మీద మామ, మెట్ల మలుపులో నేను, గుమ్మంలో మా చెల్లెలు, టీవీ ముందు అమ్మ. మామ పైపును వేలెడంత తిప్పి "వచ్చిందా?" అంటాడు. నేను "వచ్చిందా?" అంటాను. చెల్లెలు "వచ్చిందా అమ్మా?" అంటుంది. "రాలా!" అని అమ్మ. ఆ "రాలా" గుమ్మం దాటి, మెట్లెక్కి డాబా చేరేలోపు మామ పైపును ఇంకో వేలెడు తిప్పేసి ఉంటాడు. అప్పుడు నిజంగానే బొమ్మ వచ్చి ఉంటుంది. అమ్మ "వచ్చింది, వచ్చింది!" అని అరుస్తుంది. కానీ మామకు చేరేది ఇందాకటి "రాలా". మళ్ళీ తిప్పుతాడు. "పోయింది!" అని కింద నించి కేక. "ఏది పోయింది? రాందే ఎట్టా పోతాది?" అని పై నించి కేక. ఈలోపు పాటలు అయిపోయి వార్తలు మొదలయ్యేవి. వార్తలు మాత్రం అద్దంలా కనబడేవి.

2004 డిసెంబరులో దూరదర్శన్ వాళ్ళు నెలనెలా డబ్బు కట్టక్కర్లేని డిష్ తెచ్చారు. ముప్ఫై మూడు చానెళ్ళతో మొదలైన ఆ డీడీ డైరెక్ట్ ప్లస్సే ఇప్పటి ఫ్రీ డిష్. దాంతో మామకు రెండో యవ్వనం వచ్చింది. గాలికి తిరిగే పైపు పోయి, బోల్టు మీద తిరిగే గిన్నె వచ్చింది. మా ఊరి నించి చూస్తే ఆ డిష్ కచ్చితంగా ఆగ్నేయానికి తిరిగి, మొహం బాగా పైకెత్తి ఉండాలి. ఆగ్నేయం వంటింటి మూల కదా, ఆ మూల ఇనుప సామాను పెట్టొచ్చా అని మా పెదనాన్న వాస్తు లేవదీశాడు. మామ దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంది. "ఆగ్నేయాన శ్రీహరికోట ఉండాది బావా. సిగ్నలు ఆడ్నించే వస్తాది. ఎదురెదురుగా ఉన్నాం, మనకన్నా అదృష్టవంతులెవరు?"

శ్రీహరికోట ఇంచుమించు అటువైపే ఉన్న మాట నిజం. రాకెట్ లేచిన రోజు ఊరంతా డాబాల మీదే ఉంటుంది. కానీ సిగ్నలు వచ్చేది భూమధ్యరేఖకు 36 వేల కిలోమీటర్ల పైన, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర నిలిచిన ఉపగ్రహం నించి. ఇప్పుడు ఫ్రీ డిష్ మోస్తున్న జీశాట్-15 అక్కడే ఉంది. దాన్ని 2015 నవంబరులో పైకి పంపింది కూడా మన శ్రీహరికోట నించి కాదు, ఎక్కడో దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానాలోని కౌరూ నించి, ఏరియాన్ రాకెట్ మీద. ఈ సంగతి నేను చెప్పిన రోజు మామ అన్నం సగంలో లేచాడు. పెరట్లో బావి పెట్టుకుని పక్కూరి నీళ్ళు తాగినట్టుందని అత్త దగ్గర వాపోయాడట. ఆయన బాధ పూర్తిగా తీసెయ్యదగింది కూడా కాదు. ముఖ్యంగా డీటీహెచ్ కోసం తయారు చేసిన ఇన్‌శాట్-4సీని 2006 జులై 10 సాయంత్రం శ్రీహరికోట నించే లేపారు. అది లేచిన కాసేపటికే దారి తప్పింది, శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి. మామ ఆ రాత్రి ఎవరింట్లోనూ రిమోట్ ముట్టుకోలేదు. మరుసటేడు సెప్టెంబరులో దాని బదులు 4సీఆర్ పైకి వెళ్ళాక గానీ తేరుకోలేదు.

డిష్ పెట్టేటప్పుడు తెర మీద రెండు గీతలు కనబడతాయి. ఒకటి స్ట్రెంతు, రెండోది క్వాలిటీ. వైరు తగిలించి బాక్సు పెడితే చాలు, డిష్ గోడకు తిరిగున్నా స్ట్రెంతు ఎంతో కొంత చూపిస్తుంది. క్వాలిటీ మాత్రం ఉపగ్రహానికి సూటిగా తిరిగితేనే లేస్తుంది. తెలియనివాళ్ళు మొదటి గీత చూసి మురిసిపోతారు. మామకు తెలుసు. ఎంత బాగా తెలుసంటే, మనుషుల్ని కూడా ఆయన ఈ రెండు గీతలతోనే కొలుస్తాడు. మా చెల్లెలికి వచ్చిన ఒక సంబంధం చూసొచ్చి, పిల్లోడికి రొయ్యల గుంటలున్నాయి, రెండంతస్తుల మేడుంది అని అందరూ సంబరపడుతుంటే, "స్ట్రెంతు తొంభై ఉండాదక్కా, క్వాలిటీ సున్నా" అన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత ఆ పిల్లోడి గురించి విన్నవాటిని బట్టి మామ మీటరు తప్పు చూపలేదని ఒప్పుకోవాలి.

పనిముట్లు ఆయనకు పెద్దగా అక్కర్లేదు. కేబుల్ వైరు పైతోలు పళ్ళతోనే ఒలుస్తాడు. లోపలి జల్లెడ తీగల్లో ఒక్క పోగు నడిమి రాగి తీగకు తగిలినా బొమ్మ రాదు. అందుకని ఆ పోగుల్ని ఒక్కొక్కటే వెనక్కి మడిచి, నోట్లో తడి చేసుకున్న వేలితో నిమిరి, కనెక్టరు బిగిస్తాడు. అప్పుడు ఆయన మొహం చూడాలి. పిలిస్తే పలకడు, దోమ కుట్టినా కదలడు. కేబులబ్బాయి వచ్చి ఇదే పని కటింగ్ ప్లేయరుతో అర నిమిషంలో చేస్తే, "తొందర పని" అని పెదవి విరుస్తాడు.

ఇప్పుడు నా పాత బాకీ ఒకటి తీర్చుకుంటాను. 2011 ఏప్రిల్ 2, ప్రపంచకప్ ఫైనల్. ధోనీ ఆడుతున్నాడు, గెలుపు చేతికందే దూరంలో ఉంది, హాలు నిండా జనం. బొమ్మ చక్కగా వస్తోంది. మామ ఎందుకో రిమోట్‌తో సిగ్నల్ పేజీ తెరిచి చూసి, "క్వాలిటీ అరవై రెండే ఉండాది, డెబ్బైకి తెస్తా" అని డాబా ఎక్కాడు. ఎక్కనివ్వకుండా కాళ్ళు పట్టుకోవాల్సింది, ఎవరికీ తోచలేదు. కులశేఖర బంతిని ధోనీ సిక్సరు కొట్టి కప్పు గెలిచిన సంగతి మాకు పక్క వీధి టపాకాయల వల్ల తెలిసింది. మా తెర అప్పుడు నల్లగా ఉంది. డాబా మీద నించి "వచ్చిందా?" అని కేక. హాల్లో ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ సిక్సరును తర్వాత వెయ్యిసార్లు చూపించి ఉంటారు. నాకు మాత్రం మామ చెప్పుల చప్పుడే గుర్తొస్తుంది.

2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త లెక్క తెచ్చింది. నూరు చానెళ్ళకు 130 రూపాయలు, జీఎస్టీతో కలిపి 153. డబ్బు చానెళ్ళు కావాలంటే వాటి ధర వేరే. ప్యాకేజీలో కలపాలంటే ఏ చానెలూ 19 రూపాయలు దాటకూడదన్నారు, పెద్ద చానెళ్ళు చాలావరకు ఆ 19 దగ్గరే కూర్చున్నాయి. ఊళ్ళో అందరికీ ఇది తలనొప్పి, మామకు పండగ. లాంగ్ నోట్‌బుక్ కొని, గళ్ళు గీసి, ఇంటింటికీ తిరిగి ఎవరికేం కావాలో రాసుకున్నాడు. "మీకు నాలుగు తెలుగు చానెళ్ళెందుకు, ఒకదాంట్లో ఏడుపు చాలదా?" అని ఆడవాళ్ళతో తగవు. మా ఇంటికి నెలకు ఎంతో మిగిలిందని లెక్క చూపించాడు గానీ, మా అమ్మ చూసే ఒకే ఒక్క సీరియల్ చానెల్ ఆ మిగుల్లోనే పోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చే శ్రీవారి కల్యాణోత్సవం మాత్రం తీసెయ్యలేదు. ఎస్వీబీసీ ఉచితం కాబట్టి బతికిపోయింది.

ఇంత తిట్టాను గానీ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మా వీధి చివర ఒక ముసలామె ఉంది, కొడుకు కువైట్‌లో. ఈశాన్య రుతుపవనం దిగితే మా వైపు వానకు అడ్డూ ఆపూ ఉండదు. మబ్బు కమ్మితే డిష్ బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోతుంది. ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపట్టి గిన్నె వాలిపోతుంది. ఎన్నిసార్లు వాలినా మామ గోనె సంచీ నెత్తిన వేసుకుని ఆమె మిద్దె ఎక్కుతాడు. తుఫాను ఎటు పోతోందో ఆమెకు తెలియాలంటాడు. ఆ ఒక్క ఇంట్లో ఆటో స్కాన్ నొక్కడు. ఆమె కొడుకు ఎప్పుడో పెట్టిపోయిన నంబర్లు అట్టనే ఉన్నాయి.

ఆయన సొంతింటి సంగతి వేరు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ ఇంట్లో టీవీ ఏనాడూ పూర్తిగా రాదు. మూడు బాక్సులు, అయిదు రిమోట్లు, దేనికి ఏదో ఆయనకే తెలుసు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు లాగి 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇస్తామని 2017లో ప్రభుత్వం మొదలుపెడితే, తీసుకుందామంది అత్త. "దాంట్లో మనం పెట్టేదేముంది? వైరు గుచ్చితే వచ్చేస్తాది" అని మామ ఒప్పుకోలేదు. అత్త సీరియల్ టైముకు చేటలో చిక్కుడుకాయలు వేసుకుని ఎదురింటికి పోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో స్మార్ట్ టీవీ ఉంది. తిప్పడానికి గిన్నె లేదు, ఒలవడానికి తీగ లేదు. మామ పోయిన పండక్కి వచ్చి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇన్‌పుట్‌ను ఒక హెచ్‌డీఎమ్‌ఐ నించి ఇంకోదానికి మార్చి, "నో సిగ్నల్" అని తెర మీద పడగానే ఎంత హాయిగా నవ్వాడో! ఇక డాబా ఎక్కడానికి కారణం దొరికింది.

మీ ఇంట్లో బొమ్మ రాకపోతే మొహమాటపడకుండా కబురు చెయ్యండి. మామ డబ్బు పుచ్చుకోడు, బస్సు చార్జీ కూడా అడగడు. గంటకో టీ, మంచి నిచ్చెన, మెట్ల మీద నిలబడి కేకలెయ్యడానికి గొంతున్న పిల్లాడు ఉంటే చాలు. బొమ్మ వచ్చిన నిమిషంలో రిమోట్ దాచెయ్యండి.